వరసలో న్యాయం: కార్ట్ రేసుల రోజున క్లాసుల క్రమం

కార్ట్ రేసుల క్లబ్బు పోటీలో ఒకే ట్రాక్ మీద, ఒకే రోజున ఐదారు క్లాసులు వంతులవారీగా పరుగు తీస్తాయి. ఇంగ్లండులో మామూలు ఆదివారపు పోటీ ఒకటి తీసుకుంటే, సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు నడిపే క్యాడెట్, ఆ పై వయసువారి మినీ మ్యాక్స్, జూనియర్ మ్యాక్స్, పెద్దవాళ్ల సీనియర్ మ్యాక్స్, ఎక్స్30, గేర్లు మార్చే కేజెడ్2 వంటి క్లాసులు అందులో ఉంటాయి. ప్రతి క్లాసుకూ ఉదయం ఒక ప్రాక్టీసు, తర్వాత రెండు మూడు హీట్లు, అంటే ఫైనల్‌కు ముందు జరిగే చిన్న రేసులు, చివర ఒక ఫైనల్. ఫార్ములా వన్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ 1993లో, ఎనిమిదేళ్ల వయసులో కార్టింగ్ మొదలుపెట్టింది ఇలాంటి క్లబ్బు పోటీల్లోనే. ఏ క్లాసు ముందు, ఏ క్లాసు వెనక అన్నది కాగితం మీద ఆరు పేర్లు రాసినంత తేలికగా కనిపిస్తుంది. ఆ రోజు ఎవరికి ఎలాంటి ట్రాక్, ఎంత విరామం, ఎంత వెలుతురు దక్కుతాయో తేల్చేది మాత్రం ఆ ఆరు పేర్ల వరసే.

ఈ వరసలో జరిగే అన్యాయం కంటికి కనబడదు. డ్రైవర్లు తమ క్లాసులోని వాళ్లతో పోటీపడతారు గానీ పక్క క్లాసుతో కాదు. పాయింట్ల పట్టికలు వేరు, బహుమతులు వేరు. అందుచేత ప్రతి నెలా ఆఖరున పరుగెత్తే క్లాసుకు జరిగే నష్టం ఏ పట్టికలోనూ నమోదు కాదు. దాని మీద ఫిర్యాదు చేయడానికి నిబంధనా దొరకదు. అయినా వాళ్లూ ఎంట్రీ ఫీజు కట్టినవాళ్లే, తెల్లవారుజామున కార్టును వ్యాన్‌లోకి ఎక్కించుకుని దూరం నుంచి వచ్చినవాళ్లే. పెళ్లిలో ఎవరో ఒకరు ఆఖరి బంతిలో కూర్చోక తప్పదు. ప్రతి పెళ్లిలోనూ ఒకే ఇంటివాళ్లు ఆఖరి బంతిలో కూర్చోవలసి వస్తే మాత్రం, వాళ్లకు పిలుపు అందింది గానీ మర్యాద అందలేదని అర్థం.

వరస వేసే పనికి మూలసూత్రం ఇది: ఒక్క రోజులో అన్ని క్లాసులకూ సమానమైన చోటు ఇవ్వడం అసాధ్యం, ఎవరో ఒకరు మొదట, ఎవరో ఒకరు చివర ఉంటారు. ఒక్క రోజులో సమానంగా ఇవ్వగలిగింది విరామం. చోటును సమానం చేయగలిగేది సీజన్ మొత్తం. అనుకోని ఆలస్యాలలో న్యాయం నిలిపేది ముందే ప్రకటించిన నియమం. ఈ మూడింటినీ సాధించే పద్ధతి ఈ అధ్యాయంలో మెట్టు మెట్టుగా ఉంటుంది.

వంతును బట్టి మారేవి

మొదటిది ట్రాక్ పట్టు. రాత్రి తేమ, దుమ్ము పట్టిన తారు మీద ఉదయం టైర్లకు పట్టు తక్కువ. డ్రైవర్లు దీన్ని గ్రీన్ ట్రాక్ అంటారు. రేసులు సాగేకొద్దీ టైర్ల రబ్బరు రేసింగ్ లైన్ మీద పొరగా అంటుకుని పట్టు పెరుగుతుంది. అంటే మొదటి క్లాసు తన సమయంలో కొంత భాగాన్ని మిగతావాళ్ల కోసం ట్రాక్ ఊడ్చిపెట్టడానికే ఖర్చు చేస్తుంది.

పట్టు పెరగడం అందరికీ లాభమూ కాదు. కార్టుకు డిఫరెన్షియల్ ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో లోపలివైపు వెనక చక్రం కాస్త పైకి లేస్తేనే బండి సాఫీగా తిరుగుతుంది. పట్టు మరీ ఎక్కువైతే బండి మలుపులో బిగుసుకుంటుంది, కొన్నిసార్లు ఎగిరెగిరి పడుతుంది. శక్తి తక్కువగా ఉండే క్యాడెట్ ఇంజిను ఆ మలుపులో వేగం కోల్పోతే మళ్లీ పుంజుకోవడానికి చాలా దూరం పడుతుంది. మెత్తని టైర్లతో ఎక్కువ రబ్బరు పరిచే శక్తిమంతమైన క్లాసు వెనువెంటనే ఎవరు ట్రాక్ మీదికి వెళ్తారన్నది కూడా అందుకే లెక్కలోకి వస్తుంది. ఒక క్లాసుకు తన వంతు ఎన్నోది అన్నదే కాక, తన ముందున్నది ఎవరు అన్నదీ ముఖ్యమే.

రెండోది విరామం. రేసుకూ రేసుకూ మధ్య టైర్ల గాలి సరిచూడాలి, గొలుసుకు నూనె వేయాలి, వంగిన స్టీరింగ్ రాడ్డు మార్చాలి, పెట్రోలు పోయాలి. పావుగంటలో ఇవన్నీ ముగించడం కష్టం. రెండు గంటల విరామం కూడా మేలు చేయదు. చలిలో కూర్చున్న పదేళ్ల పిల్లవాడి ఉత్సాహం ఆ రెండు గంటల్లో కరిగిపోతుంది.

మూడోది వెలుతురు, వాతావరణం. మధ్య ఇంగ్లండులో డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం సుమారు 3:50కే అస్తమిస్తాడు. అంతకు ముందే వాలిన ఎండ నేరుగా హెల్మెట్ అద్దంలో పడుతుంది. నాలుగోది కోత. ఆలస్యమైన రోజున తగ్గించేది చివర మిగిలినవాటినే కాబట్టి, నియమం లేని చోట ఆ కోత ఎప్పుడూ చివరి క్లాసు మీదే పడుతుంది. నాలుగింటిలోనూ ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మొదటి మెట్టు: నిమిషాల లెక్క

క్రమం వేయడానికి ముందు రోజులో ఎంత పని పడుతుందో తేల్చాలి. ఆశతో వేసిన టైంటేబుల్ సాయంత్రానికి అన్యాయంగా మారుతుంది.

ల్యాప్‌కు ఒక నిమిషం పట్టే ట్రాక్, ఆరు క్లాసులు, ఉదయం 9 గంటలకు ఆరంభం అనుకుంటే లెక్క ఇలా వస్తుంది. హీట్ 8 ల్యాపులు, గ్రిడ్ కట్టి తిరిగే ల్యాపుకూ, రేసు తర్వాత ట్రాక్ ఖాళీ చేయడానికీ కలిపి మరో 4 నిమిషాలు, మొత్తం 12. ఫైనల్ 12 ల్యాపులైతే అదే లెక్కన 16 నిమిషాలు. డ్రైవర్ల బ్రీఫింగ్ 20 నిమిషాలు. ప్రాక్టీసు క్లాసుకు 6 చొప్పున 36. మూడు రౌండ్ల హీట్లు, అంటే 18 రేసులు, 216. భోజన విరామం 45. ఫైనల్స్ 96. అన్నీ కలిపితే 413 నిమిషాలు. రోజు 3:53కి ముగుస్తుంది. ప్రమాదాలకు, రేసును ఆపే ఎర్ర జెండాలకు 40 నిమిషాలు పక్కన పెడితే 4:33.

జూన్‌లో ఈ లెక్కకు ఇబ్బంది లేదు. డిసెంబరులో మాత్రం సూర్యాస్తమయం దాటిపోతుంది. మూడో రౌండు హీట్లు తీసేస్తే 72 నిమిషాలు మిగిలి, పక్కన పెట్టిన సమయంతో కలిపి కూడా రోజు 3:21కి ముగుస్తుంది. కాబట్టి శీతాకాలపు పోటీకి రెండు రౌండ్లే అని ఎంట్రీలు తీసుకునేటప్పుడే చెప్పడం నిజాయితీ. మూడు ప్రకటించి, సాయంత్రం చివరి రెండు క్లాసులకు రెండే ఇవ్వడం మోసంతో సమానం.

కొన్ని ట్రాక్‌లకు చుట్టుపక్కల నివాసాల వల్ల శబ్దం మీద, రేసులు నడిపే వేళల మీద స్థానిక ఆంక్షలుంటాయి. వాటినీ ఈ లెక్కలోనే కలపాలి. అంబులెన్సు, వైద్య సిబ్బంది, ట్రాక్ పక్కన జెండాలు చూపే మార్షళ్లు ఎంతసేపు ఉండగలరో కూడా చూడాలి. మార్షళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చి రోజంతా నిలబడేవారే. వాళ్లకు విరామం లేని టైంటేబుల్ భద్రతకే ముప్పు.

రెండో మెట్టు: కదపలేని అడ్డంకులు

కొన్ని షరతులు వరస కంటే ముందే తేలాలి.

ఒకే వ్యక్తి రెండు క్లాసుల్లో నడపడం, లేదా ఒకే తండ్రి ఇద్దరు పిల్లలకు మెకానిక్కుగా ఉండడం క్లబ్బుల్లో మామూలే. ఒక బిడ్డ రేసు ముగించి తూకానికి వెళ్లేసరికి రెండో బిడ్డ డమ్మీ గ్రిడ్‌లో, అంటే తర్వాతి రేసు కార్టులు వరసగా నిలిచే చోట, తండ్రి కోసం చూస్తుంటాడు. ఏయే క్లాసుల మధ్య ఇలాంటి కుటుంబాలు ఉన్నాయో ఎంట్రీ ఫారంలోనే అడిగి తెలుసుకోవాలి.

ఎంట్రీలు తక్కువైన క్లాసులను ఒకే రేసులో కలిపినప్పుడు వేగాల తేడా, ఆరంభ పద్ధతి రెండూ చూడాలి. గేర్లున్న కేజెడ్ క్లాసులు నిలబడిన చోటు నుంచి బయలుదేరతాయి. గేర్లు లేనివి నెమ్మదిగా కదులుతూ వచ్చి బయలుదేరతాయి. ఈ రెంటినీ కలపడం సమస్యలు తెస్తుంది. పిల్లలను పెద్దవాళ్లతో కలపడం అసలు కూడదు. దగ్గరి వేగమున్న రెండు క్లాసులను కలిపితే నెమ్మదైనది ఖాళీ వదిలి వెనక బయలుదేరాలి, ఫలితాలు విడివిడిగా రాయాలి.

ఎంట్రీలు ఎక్కువైన క్లాసు మరో చిక్కు తెస్తుంది. గ్రిడ్‌లో పట్టనంతమంది వచ్చినప్పుడు వాళ్లను గుంపులు చేసి, ప్రతి గుంపూ మిగతా అన్ని గుంపులతో ఒక్కొక్క హీట్ ఆడేలా వేస్తారు. అంతర్జాతీయ పోటీల్లో స్థిరపడిన పద్ధతి ఇది. ఏ, బీ, సీ అని మూడు గుంపులైతే మూడు హీట్లు, నాలుగైతే ఆరు, ఆరు గుంపులైతే పదిహేను. మూడు గుంపుల హీట్లను వెంటవెంటనే వేస్తే ఏ-బీ, బీ-సీ, సీ-ఏ అవుతాయి. బీ, సీ గుంపులవాళ్లు ఊపిరి పీల్చుకోకుండా రెండుసార్లు పరుగెత్తాలి. నాలుగు గుంపులున్నా తప్పించుకోలేరు: ఏ-బీ తర్వాత విశ్రాంతిగా ఉన్నది సీ-డీ ఒక్కటే, దాని తర్వాత ఎవరిని పిలిచినా అప్పుడే దిగినవాళ్లలో ఒక గుంపో, అయిపోయిన జోడో వస్తుంది. అందువల్ల పెద్ద క్లాసు హీట్ల మధ్యలో చిన్న క్లాసుల రేసులు తప్పనిసరిగా చొప్పించాలి. చిన్న క్లాసులను ఒక మూలకు నెట్టడానికి ఇది సాకు కాకూడదు. రౌండు మొత్తంలో వాటి చోటు కూడా వంతు ప్రకారమే మారాలి.

మూడో మెట్టు: సీజన్ పొడవునా వంతు తిప్పడం

అందరికీ వెంటనే తోచే ఉపాయం వరసను ఒక్కొక్క చోటు జరపడం. ఈ నెల 1, 2, 3, 4, 5, 6. వచ్చే నెల 2, 3, 4, 5, 6, 1. ఆరు పోటీల్లో ప్రతి క్లాసూ ఒకసారి మొదట, ఒకసారి చివర ఉంటుంది. ఏమీ తిప్పకపోవడం కంటే ఇది ఎంతో నయం. అయినా ఇందులో ఒక లోపం దాగి ఉంది. క్లాసు 2 ఒక్కసారి మినహా ఎప్పుడూ క్లాసు 1 వెనకే వెళ్తుంది. క్లాసు 1 మెత్తటి టైర్ల గేర్‌బాక్స్ కార్టులైతే, వాళ్లు పరిచిన రబ్బరు మీద పరుగెత్తే భారం సీజన్ అంతా ఒకే క్లాసు మోస్తుంది. చోటు మారింది గానీ పొరుగు మారలేదు.

ఈ లోపానికి మందు వ్యవసాయ, వైద్య ప్రయోగాల గణాంకశాస్త్రంలో ఉంది. అక్కడ కూడా ముందు ఇచ్చిన మందు ప్రభావం తర్వాతి దాని మీద మిగిలిపోతుంది. దాన్ని సమానంగా పంచడానికి ఆస్ట్రేలియా గణాంకవేత్త ఇ.జె. విలియమ్స్ 1949లో ఒక అమరికను ప్రకటించాడు. సరిసంఖ్య క్లాసులుంటే ఆ అమరికలో ప్రతి క్లాసూ ప్రతి చోటులో ఒక్కసారి, మిగతా ప్రతి క్లాసు వెనకా సరిగ్గా ఒక్కసారి వస్తుంది. ఆరు క్లాసులకు అది ఇలా ఉంటుంది:

మొదటి పోటీ: 1, 2, 6, 3, 5, 4
రెండో పోటీ: 2, 3, 1, 4, 6, 5
మూడో పోటీ: 3, 4, 2, 5, 1, 6
నాలుగో పోటీ: 4, 5, 3, 6, 2, 1
ఐదో పోటీ: 5, 6, 4, 1, 3, 2
ఆరో పోటీ: 6, 1, 5, 2, 4, 3

దీన్ని కట్టడానికి లెక్కల పండితుడు అక్కర్లేదు. మొదటి వరసలో 1, 2 రాసి, తర్వాత చివరి అంకె, మళ్లీ ముందు నుంచి తర్వాతి అంకె, మళ్లీ వెనక నుంచి అన్నట్టు అల్లుకుంటూ పోవాలి. తర్వాతి వరసలో ప్రతి అంకెకూ ఒకటి కలపాలి. ఆరు దాటితే మళ్లీ ఒకటి.

నెలకొక పోటీ పెట్టే క్లబ్బుకు ఏడాదిలో ఈ ఆరు వరసలూ రెండుసార్లు తిరుగుతాయి. జనవరి వరస జూలైలో, జూన్ వరస డిసెంబరులో మళ్లీ వస్తుంది. డిసెంబరు చీకట్లో ఆఖరున నిలిచిన క్లాసు జూన్‌లోనూ ఆఖరే కాబట్టి, ఆ క్లాసు వాటాకు ఒక కష్టమైన ఆఖరు, ఒక సులువైన ఆఖరు వస్తాయి. జనవరిలో ఆఖరైన క్లాసుకూ అంతే. చలికాలపు భారం ఇలా ఒకే క్లాసు మీద రెండుసార్లు పడదు.

క్లాసులు ఏడైతే ఈ అమరిక ఏడు వరసల్లో కుదరదు, పద్నాలుగు కావాలి. దానికి తేలికైన దారి ఒకటుంది: మార్షళ్ల విరామాన్ని ఎనిమిదో క్లాసుగా లెక్కించడం. అప్పుడు ఎనిమిది వరసలు చాలు, విరామం కూడా అందరి మధ్యా తిరుగుతుంది. మంచు వల్లనో పొగమంచు వల్లనో పోటీ పూర్తిగా రద్దైతే ఆ వరసను వదిలేయకూడదు. తర్వాతి పోటీ ఆ వరసతోనే మొదలుకావాలి.

ఏ క్లాసుకు ఏ అంకె అన్నది సీజన్ ముందు అందరి ఎదుట చీటీలు తీసి తేల్చాలి. క్లబ్బు కార్యదర్శి బిడ్డో, కమిటీ సభ్యుడి తమ్ముడో ఏదో ఒక క్లాసులో ఉండనే ఉంటారు. చీటీ తీసిన తర్వాత వరస దానంతటదే వస్తుంది కాబట్టి వాళ్ల మీద అనుమానానికి తావుండదు, వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

పైన చెప్పిన కుటుంబాల చిక్కు ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఈ అమరికలో ఏ రెండు క్లాసులైనా ఆరు పోటీల్లో రెండుసార్లు పక్కపక్కన వస్తాయి. ఎక్కువ కుటుంబాలు పంచుకునే రెండు క్లాసులు అలా పక్కపక్కన పడిన రోజున, వాటిలో ఒకదాన్ని మూడో క్లాసుతో చోటు మార్చవచ్చు. ఆ మార్పును పోటీ తర్వాత నింపే పట్టీలో (దాని వివరం ఆరో మెట్టులో) రాసి, అదే క్లాసుకు తర్వాతి పోటీలో తిరుగు మార్పుతో బాకీ తీర్చాలి.

నాలుగో మెట్టు: ఒక రోజులో క్రమం కదపకపోవడం

సీజన్‌లో తిప్పడం మంచిదైతే రోజులోనూ రౌండు రౌండుకూ తిప్పడం ఇంకా మంచిదని అనిపిస్తుంది. లెక్క వేస్తే అది తప్పని తేలుతుంది.

మూడు రౌండ్లూ ఒకే వరసలో నడిస్తే ప్రతి క్లాసుకూ తన రెండు రేసుల మధ్య సరిగ్గా ఐదు రేసులు, అంటే 60 నిమిషాలు దొరుకుతాయి. అందరికీ ఒకే విరామం. మొదటి రౌండు పై అమరికలోని మొదటి వరసలో, రెండో రౌండు రెండో వరసలో నడిపితే 3, 4 క్లాసులకు మధ్యలో మూడు రేసులే, అంటే 36 నిమిషాలు. 1, 6 క్లాసులకు ఏడు రేసులు, 84 నిమిషాలు. కార్టు దెబ్బతిన్న డ్రైవరుకు 36కూ 84కూ మధ్య తేడా అంటే తర్వాతి రేసులో ఉండడానికీ ఉండలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

వరసను పూర్తిగా తిరగేయడం ఇంకా ప్రమాదకరం. రౌండులో ఆఖరున దిగిన క్లాసు తర్వాతి రౌండులో మొదటిదవుతుంది. వాళ్లకు విరామమే ఉండదు. మొదటి క్లాసు మాత్రం పది రేసులు, అంటే రెండు గంటలు కూర్చోవాలి. ఉదయం గ్రీన్ ట్రాక్ మీద మొదట పరుగెత్తినవాళ్లకు ఫైనల్లో ఆఖరి చోటు ఇవ్వడం బాగుంటుందని తిరగేయదలిస్తే, హీట్లకూ ఫైనల్స్‌కూ మధ్య భోజన విరామం ఉన్నప్పుడే చేయాలి. భోజన విరామం కూడా రౌండు మధ్యలో కాక రెండు రౌండ్ల మధ్యే పడాలి. అప్పుడే అది అందరి విరామానికీ సమానంగా కలుస్తుంది.

అవసరాన్ని బట్టి ఇచ్చే మినహాయింపు ఒకటి ఉండవచ్చు. నవంబరు నుంచి జనవరి దాకా క్యాడెట్ ఫైనల్ ఆఖరున పడితే, దాన్ని ముందున్న క్లాసుతో మార్చడం పిల్లల క్షేమానికి అవసరం. చలి, తక్కువ వెలుతురు, మర్నాడు బడి అన్నీ కలిసి వాళ్ల మీద పెద్దల మీద కంటే ఎక్కువ పడతాయి. అందరికీ ముందే తెలిసిన మినహాయింపు పక్షపాతం కాదు. ఆ రోజు సాయంత్రం ఎవరో అడిగితే ఇచ్చిన మినహాయింపు మాత్రం, కారణం ఎంత మంచిదైనా, పక్షపాతంగానే కనిపిస్తుంది.

ఐదో మెట్టు: ఆలస్యమైనప్పుడు కోత

రౌండును విడదీయరాని ముక్కగా చూడడం ఇక్కడ ప్రధాన నియమం. అందరికీ పూర్తి చేయగలమన్న లెక్క లేకపోతే రౌండు మొదలుపెట్టకూడదు. మూడు క్లాసులు మూడో హీట్ ఆడి, మిగతా మూడు ఆడకుండా ఇంటికి వెళ్లడమే ఈ రంగంలో తరచు వినిపించే బాధ.

కోతకు ఒక మెట్లదారి ముందే రాసి ఉంచాలి. మొదట పక్కన పెట్టిన 40 నిమిషాలు వాడాలి. చాలకపోతే ఇంకా మొదలుకాని రౌండులో అన్ని క్లాసుల హీట్లనూ సమానంగా తగ్గించాలి. 8 ల్యాపులను 6 చేస్తే ఆరు క్లాసుల మీద 12 నిమిషాలు మిగులుతాయి. అంటే రెండో రౌండులో 50 నిమిషాలు పోయినా ఈ రెండు మెట్లతోనే రోజు గట్టెక్కుతుంది. అంతకు మించితే మొదలుకాని రౌండును అందరికీ ఎత్తివేయాలి. చివరి మెట్టుగా ఫైనల్స్‌ను అందరికీ సమానంగా కుదించాలి. 12 ల్యాపులు 9 అయితే 18 నిమిషాలు వస్తాయి. మొదటి ఫైనల్ పూర్తి దూరం నడిపేశాక ఆఖరివాళ్లను కుదించలేం కాబట్టి, ఈ నిర్ణయం ఫైనల్స్ మొదలుకాక ముందే జరగాలి. మార్షళ్ల భోజన సమయాన్ని కోతలో మొదటి బలి చేయకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, పెద్ద ప్రమాదం వల్ల రౌండు మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు పరుగు పూర్తిచేసిన క్లాసుల పాయింట్లు రద్దు చేయడం వల్ల కోల్పోయిన క్లాసుకు ఒరిగేది ఏమీ లేదు. పట్టికలు వేరు గనుక. కోల్పోయిన వారికి ఫీజులో కొంత తిరిగి ఇవ్వడం, తర్వాతి పోటీలో ఆఖరి చోటు పడకుండా చూడడం సరైన పరిహారం.

ఎర్ర జెండాతో ఆగిన రేసును మళ్లీ మొదలుపెట్టే సమయం అందరి ఉమ్మడి నిధి నుంచి ఖర్చవుతుంది. ఒక క్లాసుకు ఒక రౌండులో ఒక్క పునఃప్రారంభమే అన్న పరిమితి ఉంటే, ఒక క్లాసు ఆవేశానికి మిగతా ఐదు క్లాసులు మూల్యం చెల్లించవు. గాయపడినవారికి వైద్యం అందే సమయానికి మాత్రం ఎలాంటి పరిమితీ లేదు.

వర్షం సంగతి వేరు. ఏ వరసా వర్షాన్ని సమానంగా పంచలేదు. ఎక్కువ దెబ్బ తినేది చినుకులు మొదలయ్యే క్షణంలో పొడి టైర్లతో డమ్మీ గ్రిడ్‌లో నిలిచిన క్లాసు. వాళ్లకు టైర్లు మార్చుకోవడానికి నిర్ణీత సమయం, పది నిమిషాలనుకుంటే పది నిమిషాలు, ప్రతిసారీ ఒకేలా ఇవ్వాలి. ట్రాక్ ఆరేదాకా ఒక క్లాసును ఆపి మరో క్లాసును ముందు పంపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

భారతదేశంలో భారం పడే చోటు

చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు ట్రాక్‌ల మీద ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (భారత మోటార్ క్రీడల క్లబ్బుల సమాఖ్య) పర్యవేక్షణలో జరిగే పోటీలకు, హైదరాబాద్ వంటి నగరాల్లో క్లబ్బు పోటీ పెట్టదలచినవారికి ఇదే పద్ధతి పనికొస్తుంది. భారం పడే వేళ మాత్రం మారుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరులో సూర్యాస్తమయం సుమారు 5:45కు, జూన్‌లో దాదాపు 7 గంటలకు. రెండింటికీ మధ్య తేడా గంటకు కాస్త ఎక్కువ మాత్రమే. కాబట్టి ఇక్కడ ఆఖరి చోటు కంటే మధ్యాహ్నపు చోటు కష్టమైనది. ఎండకు కాగిన తారు టైర్లను త్వరగా అరగదీస్తుంది. హెల్మెట్, సూటు, చేతి తొడుగుల్లో బిగిసిన పిల్లల శరీరం తట్టుకోలేనంత వేడెక్కుతుంది. రోజును తెల్లవారగానే మొదలుపెట్టి, మధ్యాహ్నం పెద్ద విరామం ఇచ్చి, సాయంత్రం ఫైనల్స్ నడపడం మేలు. విరామానికి ముందు చివరిగా పడే చోటును పట్టీలో విడిగా గుర్తించి, అది అన్ని క్లాసులకూ తిరుగుతోందో లేదో చూడాలి.

ఆరో మెట్టు: ప్రకటన, పట్టీ

న్యాయమైన వరస కూడా ఆలస్యంగా తెలిస్తే అన్యాయంలాగే తోస్తుంది. సీజన్ వరసలన్నీ మొదటి పోటీకి ముందే ప్రకటించాలి. ఆ రోజు టైంటేబుల్, కోత మెట్లు, వర్షం నియమం, మినహాయింపులు నోటీసు బోర్డు మీద ఉండాలి. రేసు సమయాలను ఈ వేళకు ముందు కాదు అన్న అర్థంలో రాయాలి. పని అనుకున్నదానికంటే వేగంగా సాగినా ఆ వేళ వచ్చేవరకు పిలవకూడదు. లేకుంటే గంట ఉందనుకుని చక్రాలు విప్పిన కుటుంబం రేసు కోల్పోతుంది. మార్పు ఏది జరిగినా ఆ రోజు పోటీని నడిపించే అధికారి, అంటే క్లర్క్ ఆఫ్ ది కోర్స్, ఒక్కరే ప్రకటించాలి, కారణం చెప్పాలి.

ప్రతి పోటీ తర్వాత ఒక పట్టీ నింపాలి. అందులో ప్రతి క్లాసుకూ ఐదు విషయాలు చాలు: ఆ రోజు ఎన్నో చోటు, ముందు పరుగెత్తిన క్లాసు ఏది, రెండు రేసుల మధ్య దొరికిన అతి తక్కువ విరామం, కోల్పోయిన ల్యాపులు, ఫైనల్ ఆరంభమైన వేళ. పావుగంట పని ఇది. సీజన్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఈ పట్టీని సభ్యులందరి ముందు పెట్టాలి. ఏదైనా ఒక క్లాసు కోల్పోయిన ల్యాపులు మిగతావాటి కంటే బాగా ఎక్కువైతే, లోపం వరసలో ఉందా, కోత నియమంలో ఉందా, ఆ నియమం పాటించని చోట ఉందా అన్నది పట్టీయే చూపిస్తుంది. తర్వాతి సీజన్ చీటీలు తీసేముందు సరిచేయవలసింది ఆ ఒక్కదాన్నే.